ఎత్తని చెయ్యి

గోంటెన్, అపెన్‌జెల్
2 మే 1990

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. ఒకే వారంలో రెండు ఆవులు ఈనాయి. రెండూ పెయ్యదూడలే. రెండోది అడ్డం తిరిగి మధ్యాహ్నమంతా నన్నూ నీ మరదలు ఆగ్నెస్‌నీ ఏడిపించింది. ఇప్పుడు మాత్రం ఏమీ ఎరగనట్టు తల్లి దగ్గర తోక ఆడిస్తోంది.

ఆదివారం సభ సంగతి నువ్వు రేడియోలో వినే ఉంటావు. అయినా ఇంటి నుంచి వినడం వేరు కదా. ఎప్పటిలాగే చర్చి నుంచి ఊరేగింపుగా వెళ్ళాం. మగవాళ్ళందరం ఓటు గుర్తుగా నడుముకి కత్తులు కట్టుకుని మైదానంలో తాడు దాటి రింగులోకి చేరాం. నాన్న పోయాక ఆయన కత్తి నేను కట్టుకోవడం ఇది రెండోసారి. ఇంకా నా నడుముకి అలవాటు పడలేదు, నడుస్తుంటే మోకాలికి తగులుతుంది. ఆడవాళ్ళకి ఓటు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఇవ్వాలన్నవాళ్ళని చేతులెత్తమన్నారు. తర్వాత వద్దన్నవాళ్ళని ఎత్తమన్నారు. వద్దన్న చేతులే ఎక్కువ లేచాయి. దేశం మొత్తమ్మీద ఇంకా ఇలా మిగిలింది మన రాష్ట్రం ఒక్కటే. నేనేం చేస్తానో నీకు తెలుసుగా, కొత్తగా చెప్పేదేముంది.

సెరాఫీనా అత్త కిటికీ దగ్గర కుట్టుచట్రం ముందేసుకుని కూర్చుని, "మంచి పనైందిరా. ఆ గుంపులో రెండు గంటలు నిలబడే మోకాళ్ళు నాకెక్కడివి? ఓటిస్తే దాంతోపాటు కుర్చీ కూడా ఇవ్వాల్సొస్తుంది వాళ్ళకి," అంది. ఆగ్నెస్ సూప్ వడ్డించి పాలడబ్బాలు కడగడానికి వెళ్ళిపోయింది. అప్పటికే కడిగిన డబ్బాలు మళ్ళీ ఎందుకు కడిగిందో నాకు అర్థం కాలేదు.

జూన్‌లో మందని కొండమీదికి తోలుతాం. ఈసారైనా రా. నాన్న అంత్యక్రియలకి వచ్చి సాయంత్రం రైలుకే వెళ్ళిపోయావు. అది రావడం కింద లెక్క కాదు. మంద మెడల్లో గంటలు నువ్వు విని ఇరవై మూడేళ్ళైంది. పాత పెద్ద గంటకి అంచు విరిగితే అతికించాను. ఇప్పుడు దాని గొంతు కాస్త బొంగురు. నువ్వు వింటే గుర్తుపడతావో లేదో చూడాలని ఉంది.

నీ తమ్ముడు
కోబి


లోజాన్
9 మే 1990

కోబీ,

పెయ్యదూడలకి పేర్లు పెట్టారా? నన్నడగలేదు. మన ఇంట్లో పుట్టిన దూడలకి పేర్లు పెట్టేది నేను. మర్చిపోయావేమో.

ఇక్కడ హోటల్లో వేసవి అతిథులు అప్పుడే దిగుతున్నారు. బట్టల గదిలో నా కింద ఇప్పుడు ఆరుగురు. ఒకమ్మాయి పోర్చుగల్ నుంచి వచ్చింది. దుప్పట్లు మడతపెడుతూ పాడుతుంది. సరస్సు వైపు కిటికీ తెరిస్తే సబ్బు వాసనా నీళ్ళ వాసనా కలిసి వస్తాయి. బాగుంటుంది. కానీ ఎండుగడ్డి వాసన కాదది.

సోమవారం ఓ గదిలో అతిథి వదిలేసి వెళ్ళిన పేపరు నా చేతికొచ్చింది. మన రింగు ఫోటో వేశారు. కింద ఫ్రెంచిలో రాశారు: ఆడవాళ్ళ ఓటుకి అనుకూలురు చేతులెత్తిన వేళ అని. ముందు వరసలో ఎడమవైపు చివర నువ్వే. ఆ చెవులు ఎక్కడున్నా నేను పోల్చగలను, నాన్న చెవులవి. నీ పక్కన తెల్లగడ్డం ముసలాయన చెయ్యి ఆకాశంలో ఉంది. నీ రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి.

"నేనేం చేస్తానో నీకు తెలుసుగా" అని రాశావు. తెలుసనే అనుకున్నాను.

జూన్‌లో రావడం కుదరదు. పని ఎక్కువ. ఆగ్నెస్ పేరున విడిగా ఒక కవరు పంపుతున్నాను. అందులో అత్తకి తెల్లదారాలు ఉన్నాయి, అక్కడ దొరకని సన్న రకం. నువ్వు విప్పకు, చిక్కుపడతాయి.

ఇడ్డా


కొండమీద నుంచి
20 జూన్ 1990

అక్కా,

ఫోటో తీసినవాడు ఏ క్షణంలో మీట నొక్కాడో నీకేం తెలుసు? మనిషి చెయ్యి ఎత్తుతాడు, దించుతాడు. కాయితం మీద ఆ ఒక్క క్షణమే ఉంటుంది. దాన్ని పట్టుకుని నువ్వు నాకు తీర్పు చెప్పేశావు. పోనీలే. తీర్పులు చెప్పడం మీ ఊరికి అలవాటే. దేశం పెద్దకోర్టు ఉన్నది మీ లోజాన్‌లోనే కదా. ఓటు కోసం ఇక్కడి ఆడవాళ్ళు కొందరు ఆ కోర్టుకెక్కారని పాలకేంద్రంలో అనుకుంటున్నారు. మగవాళ్ళు కూడా కొందరు సంతకాలు పెట్టారట.

నాకు నచ్చనిది ఇదే. ఆడవాళ్ళు ఓటెయ్యడం గురించి కాదు నేను అంటున్నది, జాగ్రత్తగా చదువు. మన మైదానం ఆరు వందల ఏళ్ళుగా ఉంది. మనిషి తన మాట నలుగురి మధ్య నిలబడి, చెయ్యి పైకెత్తి చెబుతాడు. దాచుకోడు. లేచిన చేతులే చట్టం. దాన్నే కదా ప్రజాస్వామ్యం అంటారు? నువ్వు కోరుకునేది గణతంత్రం. ఎక్కడో నల్లకోట్లవాళ్ళు కూర్చుని ఒక పుస్తకం తిరగేసి, మీ చేతులు చెల్లవు అని మనకి చెప్పడం. మనకి ఎప్పుడూ రాజు లేడు. ఇప్పుడు పుస్తకానికి కిరీటం పెట్టి కూర్చోబెడతారు, అంతే తేడా. వీళ్ళలో ఒక్కడైనా మన గడ్డి కోశాడా? మన వాలులో ఒక చలికాలం గడిపాడా?

మంద బాగానే ఎక్కింది. గంటలు మోగుతుంటే ఆగ్నెస్ ఏడ్చింది. ఎందుకని అడిగితే ఎండ కళ్ళలో పడిందంది. ఆ రోజు మబ్బుగా ఉంది.

దారాలు చేరాయి. నేను విప్పలేదు. ఆగ్నెస్ లోపలి గదిలోకి తీసుకెళ్ళి విప్పింది.

కోబి


లోజాన్
8 జులై 1990

కోబీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జాగ్రత్తగా చదవమన్నావు కదా.

లేచిన చేతులే చట్టం అన్నావు. సరే. ఏడుగురున్న ఇంట్లో నలుగురు కూడబలుక్కుని, మిగతా ముగ్గురికీ రేపటి నుంచి రొట్టె పెట్టొద్దని చేతులెత్తారనుకో. లెక్క సరిపోయింది. రొట్టె ఆపేస్తావా? ఆపవు. ఎందుకంటే లెక్క మొదలుపెట్టకముందే ఆ ఇంట్లో ఒక మాట ఉంది, అందరూ తింటారని. ఎన్ని చేతులు లేచినా ఆ మాటని ముట్టుకోకూడదు. చేతులు లెక్కపెట్టడం ప్రజాస్వామ్యం. ముట్టుకోకూడని మాటలు ముందే రాసుకుని, గెలిచినవాళ్ళు కూడా వాటికి తల వంచడం గణతంత్రం. నాకు తెలిసింది ఇంతే, నేను బట్టలు ఉతికేదాన్ని. పుస్తకాన్ని ఎవరో ఆకాశం నుంచి విసరలేదు. ఆడా మగా సమానమని తొమ్మిదేళ్ళ కిందట దేశమంతా ఓటేసి రాసుకున్నదే. అప్పుడూ మన రాష్ట్రం వద్దనే అంది. ఓడిపోయింది. ఓడినవాళ్ళు ఒప్పుకోవాలి అన్నది నీ రింగులో నేర్పేదే కదా?

ఇంకొక సంగతి. నీకు గుర్తుండకపోవచ్చు, నీకప్పుడు పంతొమ్మిది. పొలం ఎవరికన్నది మన వంటింట్లో తేలిన రోజు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా నాన్నతో సమానంగా పాలు పితికింది నేను. ఏ ఆవు ఎప్పుడు ఎదకొస్తుందో, ఏ వాలులో గడ్డి ముందు ఆరుతుందో నాకు తెలుసు. నాన్న నీ వైపు తిరిగి, "ఏరా, చేస్తావా?" అన్నాడు. నువ్వు సరే అన్నావు. నేను బల్ల అవతల కాఫీ పోస్తున్నాను. నన్ను అడగలేదు. కాదనడానికైనా అడగలేదు. నాకు పొలం రాలేదని కాదురా బాధ. అడిగి ఉంటే నేనే నీకివ్వమని ఉందును.

ఆ ఏడే వచ్చేశాను. ఆడవాళ్ళని తాడు లోపలికి రానిచ్చేదాకా ఆ నేల మీద కాపురం ఉండనని ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నీకే మొదటిసారి చెబుతున్నాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల పెట్టుకున్న ఒట్టు. నాలుగైదేళ్ళలో తీరుతుందనుకున్నాను.

ఇక్కడ ఆదివారాలు సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చుంటాను. అవతల ఒడ్డు కొండలు చూస్తాను. మంచి కొండలే. నావి కావు.

అక్క


గోంటెన్
16 సెప్టెంబర్ 1990

ఇడ్డా,

అక్క అని రాయడానికి ఈ రోజు చెయ్యి రావడం లేదు.

నిన్న పాలకేంద్రానికి వెళ్ళాను. నేను లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. పాలు తూచేవాడు తల ఎత్తకుండా, "కోర్టుకెళ్ళిన కాయితం మీద మాన్సర్ వాళ్ళ ఆడమనిషి సంతకం కూడా ఉందట కదా. ఇంటి మనుషుల్ని అదుపులో పెట్టుకోలేనివాడు రింగులో ఏం చేస్తాడో," అన్నాడు. ఎవరో నవ్వారు. నేను డబ్బాలు దించి వచ్చేశాను.

నాకు లెక్క సరిపోయింది. మేలో దారాలన్నావు. నన్ను విప్పొద్దన్నావు. ఆగ్నెస్ లోపలికెళ్ళి విప్పింది. ఆ కవరులో ఆ కాయితాలున్నాయో లేదో నేను అడగను, అడిగితే ఆగ్నెస్‌ని అబద్ధమాడమన్నట్టు. కానీ సంతకం నువ్వు పెట్టావు. ఇంటిపేరు నీదీ అదేగా. ఇరవై మూడేళ్ళు బయట ఉండి, ఇక్కడ మేం రోజూ చూడాల్సిన మొహాల మధ్య నిప్పు పెట్టావు. నీకు ఆ పాలకేంద్రానికి వెళ్ళే పని లేదు. నాకు రోజుకి రెండుసార్లు ఉంది.

పొలం నాకొచ్చిందని ఇప్పుడు కక్ష తీర్చుకున్నావా?

క్రిస్మస్‌కి రమ్మని అనుకున్నాం. రావద్దు.

కోబి


లోజాన్
24 సెప్టెంబర్ 1990

కోబీ,

సంతకం నేనే పెట్టాననుకో.

ఆగ్నెస్‌ని ఏమీ అడగకు. తన మీద గొంతు పెంచకు. ఆ మాట ఒక్కటి నా కోసం నిలబెట్టు.

చలి ముందే వస్తుందంటున్నారు. అత్త మోకాళ్ళకి ఉన్ని చుట్టండి. పొలం సంగతి నువ్వు రాసినదానికి నేను జవాబు రాయను.

ఇడ్డా


గోంటెన్
30 నవంబర్ 1990

అక్కా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాయితాలు పొయ్యిలో వేశాను.

మంగళవారం సాయంత్రం పాలు పితుకుతుంటే కొట్టంలో రేడియో మోగుతోంది. పెద్దకోర్టు తీర్పు చెప్పారు. అపెన్‌జెల్ ఆడవాళ్ళకి ఓటు హక్కు ఉందని, మా చేతుల లెక్క ఇక చెల్లదని. నేను పితకడం ఆపేశాను. ఆగ్నెస్ ఆపలేదు. పొదుగు దగ్గర్నుంచి తల ఎత్తకుండానే, "ఆ సంతకం ఇడ్డా వదినది కాదు, నాది," అంది.

లేచి రేడియో కట్టేశాను. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు చెప్పావా, నీ చెయ్యి సంగతి?"

అక్కా, నీకు కూడా అది చెప్పాలి. ఫోటో నిజమే. సభకి ముందు రోజు ఆగ్నెస్ నా చొక్కా ఇస్త్రీ చేస్తూ, "ఈసారి ఎత్తుతావా?" అని అడిగింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో తను నన్ను అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎత్తుతానన్నాను. నిజంగానే ఎత్తాలనే వెళ్ళాను. రింగులో నా కుడిపక్క గడ్డికోత యంత్రం కలిసి కొనుక్కున్న పొరుగాయన. వెనకాల పాలకేంద్రం వాళ్ళు. ఎడమపక్క గడ్డం ముసలాయన ముందుగా ఎత్తాడు. వెనక నుంచి ఎవడో, "తాతకి పెళ్ళాం చెప్పి పంపింది రోయ్," అన్నాడు. చుట్టూ నవ్వులు. నా చెయ్యి జేబులో రాయైపోయింది. ఎత్తు, ఎత్తు అనుకుంటూనే ఉన్నాను. "వద్దన్నవాళ్ళు" అని పిలిచారు. అప్పుడూ ఎత్తలేదు. రెండుసార్లూ ఎత్తనివాణ్ణి ఆ మైదానంలో నేనొక్కణ్ణేనేమో.

ఆగ్నెస్ తాడు బయట నిలబడి చూస్తోంది. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఎత్తేవాడినా? ఈ ప్రశ్న నన్ను తినేస్తోంది. నా ఒక్క చేత్తో లెక్క మారేది కాదు. కానీ తను ఆ కాయితం మీద సంతకం పెట్టే పని ఉండేది కాదు. "నువ్వు ఎత్తి ఓడిపోయి ఉంటే నేను ఇంకో ఏడు ఆగేదాన్ని," అంది. వారం తిరగకముందే ఎవరింటికో వెళ్ళి పెట్టొచ్చిందట. నీ కవరులో దారాలే ఉన్నాయి. లోపలి గదిలో విప్పింది అత్త అక్కడ పడుకుని ఉంది కనుక.

మనిషి తన మాట దాచుకోడని నీకు ఎంత గొప్పగా రాశాను! ఓట్లకి ఒక పెట్టె, దానికో తెర ఉండి ఉంటే బాగుండుననిపిస్తోంది. తెర వెనక నేనూ ధైర్యవంతుణ్ణే.

నువ్వెందుకు నీ మీద వేసుకున్నావు? నేను రాసిన ఆ ఉత్తరం నువ్వు కాల్చేశావని చెప్పు, అబద్ధమైనా సరే.

కోబి


లోజాన్
12 డిసెంబర్ 1990

కోబీ,

కాల్చలేదు. నీ ఉత్తరాలేవీ కాల్చను, తిట్టినవైనా సరే. నాకు ఇంటి నుంచి వచ్చేవి అవే.

నువ్వు ఒక్క నిమిషం కుదురుగా ఆలోచించి ఉంటే తెలిసేది. ఆ కాయితం మీద సంతకం పెట్టే హక్కు నాకెక్కడుంది? అక్కడ ఉంటున్నవాళ్ళు కదా పెట్టాలి. నేను ఈ ఊరిదాన్ని. నీ ఉత్తరం చదవగానే ఆగ్నెస్ అని నాకు అర్థమైంది. నా మీద కోపం వస్తే రైలు దూరంలో ఉంటాను. తన మీద కోపం వస్తే ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి మీరు. అందుకని అనుకోమన్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, అది కూడా తప్పేనని. తన సంతకాన్ని నేను దాచే హక్కు నాకెవరిచ్చారు? నన్ను అడగలేదని ఇరవై మూడేళ్ళు ఏడ్చి, ఆగ్నెస్‌ని నేనూ అడగలేదు. క్షమించమని తనకి చెప్పు.

నువ్వు తెర కావాలన్నావు. నాకుంది ఆ తెర. ఈ రాష్ట్రంలో ఆడవాళ్ళు నేను రాకముందు నుంచే ఓటేస్తున్నారు. మా వీధి చివర బడిలో, పిల్లల బొమ్మలు అంటించిన గోడ పక్కన, తెర చాటున కాయితం మడిచి పెట్టెలో వేస్తాను. బయటికొస్తాను. ఏమేశావని అడిగేవాళ్ళు లేరు. తప్పేశావని పోట్లాడేవాళ్ళు లేరు. నేను వెయ్యకపోయినా ఎవరూ గమనించరు. నువ్వు ఎవరూ చూడని చోటు కోసం ఆశపడుతున్నావు. నేను నన్నెరిగినవాళ్ళు చూసే చోటు కోసం ఆశపడుతున్నాను. ఇడ్డా చెయ్యెత్తింది, దానికి బుద్ధి లేదు అని ఎవరైనా అంటే ఎంత బాగుండును!

తీర్పు వచ్చిన మర్నాడు పని అయ్యాక కొండెక్కి ఆ కోర్టు పక్కనున్న తోటలోకి వెళ్ళాను. ఏదో జరుగుతూ ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. తోటమాలి ఒకాయన రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. ఎవరికైనా చెప్పాలనిపించి, "మా అపెన్‌జెల్ ఆడవాళ్ళకి ఓటొచ్చిందండీ," అన్నాను. ఆయన చీపురు ఆపి, "అదేంటి, ఇప్పటిదాకా లేదా?" అన్నాడు. నవ్వాను. తర్వాత అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఎందుకో చెప్పనా? ఆ తీర్పు న్యాయం. ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. నువ్వు పుస్తకానికి కిరీటమన్నావు, ఆ పుస్తకమే లేకపోతే ఆగ్నెస్ ముసలిదయ్యేదాకా తాడు బయటే నిలబడేది. కానీ నాకు కావలసింది అది కాదురా. మీరు ఇవ్వాలని ఉండేది నాకు. ఆ మైదానంలో నన్నెత్తుకుని తిప్పినవాళ్ళు, నాతో బడికొచ్చినవాళ్ళు, నువ్వు, అందరూ చేతులెత్తి రమ్మనాలని. కోర్టు తలుపు తెరిపించగలదు. లోపల్నుంచి రా అనే పిలుపు మాత్రం దాని చేతిలో లేదు.

నీ చెయ్యి గురించి నేనేమీ అనను. ఒట్టు పట్టుకుని ఇంతకాలం దూరాన కూర్చున్నదాన్ని, నాకూ పెద్ద ధైర్యమేమీ లేదు.

అక్క


గోంటెన్
7 ఏప్రిల్ 1991

అక్కా,

ఈ నెల ఇరవై ఎనిమిదిన సభ. ఆడవాళ్ళు లోపలికి వచ్చే మొదటిసారి. రా. ఇది నేను అడుగుతున్నాను. కోర్టు కాదు.

ఇక్కడ మొహాలు ఇంకా పూర్తిగా విప్పారలేదు. పాలు తూచేవాడు నాతో వాతావరణం గురించి మాత్రమే మాట్లాడతాడు. పోయిన వారం వాడి పెళ్ళాం వచ్చి ఆగ్నెస్‌ని గుసగుసగా, "ఏం కట్టుకుని వెళ్ళాలంటావ్? పండగ బట్టలా, మామూలువా?" అని అడిగింది. వాడికి ఇంకా తెలియదట తను వస్తున్నట్టు. ఆడవాళ్ళకి కత్తులుండవు, బదులుగా పసుపు కార్డు ఒకటి పంపారు. ఆగ్నెస్ దాన్ని ఉప్పు డబ్బా వెనక పెట్టింది. రోజుకోసారి ఉందో లేదో చూసుకుంటోంది.

అత్తకీ వచ్చింది కార్డు. "నేను రాను," అంది. ఇన్నాళ్ళూ అదే కదా అన్నావు, కొత్తేముందన్నాను. "ఉందిరా పిచ్చివాడా! ఇన్నాళ్ళూ నన్ను రమ్మన్నదెవరు? ఇప్పుడు పిలిచారు, నేను రానంటున్నాను," అంది. రోజంతా హుషారుగా ఉంది.

రోడ్డు పని ఒకటి ఓటుకి వస్తోంది. నేను కావాలంటున్నాను. ఆగ్నెస్ అక్కర్లేదంటోంది. వారం నుంచి పోట్లాడుకుంటున్నాం. ఇంట్లో ఇంత మాట ఎప్పుడూ లేదు.

కోబి

వదినా, ఈ కింద నేను రాస్తున్నాను. క్షమించడానికేమీ లేదు. రండి. పక్క ఎండలో వేశాను. ఆగ్నెస్.


లోజాన్
2 మే 1991

కోబీ, ఆగ్నెస్,

మీ ఇంట్లో ఒక రాత్రి పడుకుని, మీ బల్ల దగ్గర తిని, స్టేషన్లో మిమ్మల్ని వాటేసుకుని కూడా చెప్పలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను. ఉత్తరాల్లో తప్ప నాకు మాట రాదేమో, అలవాటైపోయింది.

మీరిద్దరూ తాడు దాటి లోపలికి వెళ్ళాక నేను బయట జనంలో నిలబడ్డాను. చుట్టూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చూసేవాళ్ళు, కెమెరాలు, ఐస్‌క్రీములు. ముందు నాకేమీ అనిపించలేదు. నాది ఇక్కడి ఓటు కాదని తెలిసే వచ్చాను. తర్వాత పాలు తూచేవాడి పెళ్ళాం పండగ బట్టల్లో, మొహం కందగడ్డలా చేసుకుని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి నడిచింది. ఆ వెనక నాతో బడికొచ్చిన హెడ్విగ్. కోబీ, హెడ్విగ్ జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నా మనసులో దానికింకా రెండు జడలే. ఎంతకాలం పోయిందో అప్పుడు తెలిసింది నాకు.

ప్రమాణం వేళ అందరూ మూడువేళ్ళు పైకెత్తారు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి అంటుంటే ఆ గొంతు వేరేలా ఉంది. చిన్నప్పటి నుంచి విన్నదే, కానీ సగమే విన్నానని అప్పుడు అర్థమైంది.

రోడ్డు ఓటు వచ్చింది. కావాలన్నవాళ్ళు అనగానే కోబీ, నీ చెయ్యి లేచింది. మొదట లేచినవాటిలో అది ఒకటి. నీ వెనక ఎవడో ఏదో అన్నాడు, నువ్వు తిరిగి చూడలేదు. తర్వాత వద్దన్నవాళ్ళు. నీ పక్కనే నిలబడి ఆగ్నెస్ ఎత్తింది, మోచెయ్యి వంచకుండా. నువ్వు తన వైపు చూసి నవ్వావు. నీ పక్షం ఓడిపోతుందో గెలుస్తుందో ఇంకా తెలియకముందే నవ్వావు. అది చూశాను నేను.

అప్పుడు నాకు తెలియకుండానే తాడు మీద చేతులేసి ముందుకి వంగానట. నలుపూ తెలుపూ అంగరఖా తొడుక్కున్న కాపలాదారు దగ్గరకొచ్చి, పట్నవాసులతో మాట్లాడే భాషలో, "అమ్మగారూ, పర్యాటకులు కొంచెం వెనక్కి జరగాలి," అన్నాడు. నేను మన యాసలో, "జరుగుతాలేవయ్యా, తోసుకురాకు," అన్నాను. ఆయన ఆగిపోయాడు. నన్ను కిందికీ మీదికీ చూసి, "ఎవరమ్మాయివి నువ్వు?" అన్నాడు.

నాకు నలభై ఎనిమిదేళ్ళు. నన్ను ఆ మాట ఎవరూ అడగక ఇరవై నాలుగేళ్ళు. "గోంటెన్‌లో మాన్సర్ వాళ్ళ పెద్దపిల్లని," అన్నాను.

"మరి బయటున్నావేంటి?"

ఒట్టు గురించి చెబుదామా అనుకున్నాను. దాని గడువు నవంబర్‌లోనే తీరిపోయింది. లోజాన్‌లో పని ఉందనబోయాను. ఆ పని ఎవరైనా చేస్తారు. ఆయన నా జవాబు కోసం ఆగలేదు, ఇంకో కెమెరావాణ్ణి వెనక్కి జరపడానికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే నిలబడి ఉన్నాను. సభ అయిపోయి మీరు బయటికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. నేనెందుకు మాట్లాడటం లేదని ఆగ్నెస్ అడిగింది గుర్తుందా? ఇదీ కారణం.

నిన్న హోటల్ యజమానికి చెప్పేశాను, సెప్టెంబర్ ఆఖరుకి వెళ్ళిపోతానని. పోర్చుగల్ అమ్మాయి నా చోటు చూసుకుంటుంది. మన దగ్గరి వైస్‌బాద్‌లో ఒక సత్రానికి బట్టల గది చూసే మనిషి కావాలని అత్త అంది, ఉత్తరం రాశాను. పొలంలో వాటా అడగడానికి రావడం లేదు, భయపడకండి. వేరే గది అద్దెకి తీసుకుంటాను. మంద కిందికి దిగే వేళకి రాలేకపోతే మరుసటి జూన్‌లో ఎక్కే వేళకి ఉంటాను.

కాయితాలు మార్చడానికి ఏమేం కావాలో మండలం ఆఫీసులో కనుక్కుని రాయండి. వచ్చే ఏప్రిల్ సభకి నా కార్డు రావాలి. కోబీ, నీ రోడ్డు మళ్ళీ ఓటుకొస్తే మాత్రం నేను ఆగ్నెస్ పక్కనే నిలబడతాను. ముందే చెబుతున్నాను, తర్వాత మొహం ముడుచుకోకు.

అక్క